తోడేలు అనుభవం గలవారు కావలెను

మా మండలి పెట్టకముందు ఈ రాష్ట్రంలో సినిమా చూసిన ప్రతివాడూ సినిమా గురించి మాట్లాడేవాడు. హాలు మెట్లు దిగుతూనే, కళ్లు ఇంకా వెలుతురుకు అలవాటు పడకముందే, "ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ లాగాడు" అనేసేవారు. ఎందుకు పర్లేదు, ఎంత లాగాడు, ఎటువైపు లాగాడు అని అడిగే నాథుడు లేడు. ఇలాంటి మాటల వల్ల మంచి సినిమాలు పోతున్నాయనీ, చెడ్డ సినిమాలు కూడా పోతున్నాయనీ సినిమావాళ్లు మొరపెట్టుకోగా, ప్రేక్షకాభిప్రాయ ప్రామాణిక మండలి ఏర్పడింది. నేను దాని ముక్కామలపేట డివిజన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. అంతకుముందు తూనికలు, కొలతల పనిలో పద్దెనిమిదేళ్లు ఉన్నాను. తూకం రాళ్లకు ముద్ర వేసిన చెయ్యి అభిప్రాయాలకు కూడా వేయగలదని నన్నిటు పంపారు.

మండలి నిబంధనల్లో ప్రాణం నాలుగోది. "ఏ విషయముపై చిత్రము తీయబడినదో, ఆ విషయమున స్వానుభవము కలిగి, సదరు అనుభవమునకు లిఖితపూర్వక ఆధారము చూపగల ప్రేక్షకునికి మాత్రమే అభిప్రాయము వెలిబుచ్చు అర్హత ఉండును." అర్హత లేకుండా నోరు తెరిచినవాళ్లు ఏడాది పాటు ఏ హాల్లోనూ కాలు పెట్టకూడదు. విడుదలైన పది రోజుల్లోగా అర్హత గల అభిప్రాయం ఒక్కటైనా రాని సినిమా ఆగిపోతుంది, ఆడిన హాలుకు తాళం పడుతుంది.

మొదటి మూడేళ్లూ పని సాఫీగానే నడిచింది. కుటుంబ చిత్రాలకు రేషను కార్డు చాలు. ప్రేమకథలకు పెళ్లి శుభలేఖ తెచ్చేవారు. ప్రేమ విఫలమైన కథలకు అవతలివాళ్ల శుభలేఖ తెచ్చేవారు. ముఠా కక్షల సినిమా వచ్చినప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నకళ్లతో నలుగురు వచ్చారు. వాళ్ల అభిప్రాయంలో అక్షరం మార్చే ధైర్యం మా ఆఫీసులో ఎవరికీ లేకపోయింది. భక్తి చిత్రానికి ఎవరు అర్హులో తెలపమని పైకి రాశాం. ఇంకా జవాబు రావాల్సి ఉంది.

అలా ఉండగా మా ఊళ్లో మట్టపర్తి కన్నబాబు గారి టాకీసులో 'సెకండియర్ తోడేలు' అనే సినిమా పడింది. భయానక చిత్రం. హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుకునే పదిహేడేళ్ల కుర్రాడు పున్నమి వచ్చేసరికి తోడేలైపోతాడు. వాడికి ఒళ్లంతా వెంట్రుకలొస్తాయి, గోళ్లు పెరుగుతాయి, ఎంసెట్ ర్యాంకు మాత్రం తగ్గుతుంది. వార్డెన్లు ఇద్దరు పోతారు. ప్రిన్సిపాలు బతుకుతాడు.

శుక్రవారం మ్యాట్నీ వదిలే వేళకు నేను గేటు పక్కన బల్ల వేసుకుని రిజిస్టర్ తెరిచి కూర్చున్నాను. మొదట బయటికి వచ్చింది తాయారమ్మ గారు.

ఆవిడ పేరు సరెళ్ల మంగతాయారు. టాకీసు ఎదురుగా జాకెట్లు కుట్టే కొట్టు ఆవిడది. ముప్పైయేళ్లుగా ప్రతి శుక్రవారం మ్యాట్నీ చూస్తుంది. చూసి కొట్టుకొచ్చి మిషను తొక్కుతూ ఒక మాట చెబుతుంది. ఆ మాట మీద ఊళ్లో ఆడవాళ్లు ఆదివారం టిక్కెట్టు కొనాలో వద్దో తేల్చుకుంటారు. ఇంటర్వెల్లో కన్నబాబు గారు తెర వైపు చూడడు, ఆవిడ మొహం వైపు చూస్తాడు.

"రాసుకోండి," అంది ఆవిడ బల్ల ముందు నిలబడి. "బాగుందండి. బయ్యం అంత లేదండి. కానీ ఆ కుర్రోడు తోడేలవడం జబ్బు కాదండి, ఆకలండి. సినిమా మొత్తం మీద ఆడికి కడుపునిండా అన్నం ఎట్టినోళ్లు లేరండి. నాకైతే మజ్జిలో లేచెళ్లి నాలుగు ముద్దలు కలిపెట్టొద్దామనిపించిందండి."

నేను పెన్ను మూత తీయలేదు. "మీకు తోడేలు అనుభవం ఉందా అండీ?"

"నాకెక్కడుంటదండి?"

"పోనీ, పదిహేడేళ్ల వయసు అనుభవం?"

"అదేంటండి! నేనూ ఒకప్పుడు పదిహేడేళ్ల పిల్లనే కదండీ."

"ఆధారం?"

"నన్ను చూత్తే తెలవట్లేదండీ?"

చూశాను. యాభై రెండేళ్లున్నట్టు తెలుస్తోంది. పదిహేడు ఎక్కడా కనబడలేదు. "పదో తరగతి సర్టిఫికెట్టు?" అన్నాను.

"ఏడుతో మానేశానండి."

"అయితే మీకు పన్నెండేళ్ల దాకానే రికార్డుందండి. ఆ తరవాత సరాసరి పెళ్లి నాటికి ఇరవై. మధ్యలో మీరు ఉన్నట్టు కాగితం లేదు."

"మరా ఎనిమిదేళ్లూ నేనెక్కడున్నానండీ?"

"అది మా పరిధిలోకి రాదండి," అన్నాను మర్యాదగానే.

ఆవిడ రోడ్డు దాటి కొట్టుకెళ్లి, నాతో చెప్పిందే జాకెట్లకొచ్చిన నలుగురితో చెప్పింది. సాయంత్రానికల్లా ఆవిడ ప్రేక్షక హక్కు ఏడాది పాటు రద్దయింది. నోటీసు నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. తీసుకుని చదివింది. చదివాక మిషను మీద చెయ్యి వేసి, తొక్కకుండా అలాగే కూర్చుంది. ఎదురుగా టాకీసు ఫస్ట్‌షోకు గంట కొట్టారు. ముప్పైయేళ్లలో ఆవిడ తల అటు తిప్పకపోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

శనివారం పొద్దున మా డివిజనల్ అభిప్రాయాధికారి త్రిపురాంతకం గారు సమావేశం పెట్టారు. ఆయన మాట్లాడితే ఎదుటివాళ్లు రాసుకోవాలి. రాసుకోకపోతే ఆయన ఆగిపోతారు.

"అభిప్రాయమనగా బాధ్యత," అన్నారు. "బాధ్యతయనగా అర్హత. అర్హతయనగా కాగితము. కుక్కుటేశ్వరరావు గారూ, ఈ చిత్రమున ఎన్ని విషయములున్నవి?"

కుక్కుటేశ్వరరావు అంటే నేనే. "మూడండి," అన్నాను లేచి. "ఒకటి, పదిహేడేళ్ల కుర్రాడు. రెండు, తోడేలు. మూడు, ఒకటి రెండుగా మారుట."

మొదటి విషయం మీద గంటన్నర చర్చ జరిగింది. పదిహేడేళ్లవాళ్లకు అనుభవం ఉంది గాని, మైనర్లు కాబట్టి అభిప్రాయం చెల్లదు. పద్దెనిమిది నిండినవాళ్ల అభిప్రాయం చెల్లుతుంది గాని, వాళ్లకు పదిహేడు దాటిపోయింది. కాబట్టి పదిహేడేళ్ల వయసు గురించి ఈ దేశంలో మాట్లాడదగినవాళ్లు ఎవరూ లేరని తీర్మానించాం. రెండో విషయం మీద అటవీ కార్యాలయానికి అప్పటికప్పుడు మనిషి చేత రాసి పంపగా, "మా పరిధిలో తోడేళ్లు లేవు, నక్కలు కలవు, సరిపోవునా?" అని జవాబొచ్చింది. సరిపోవని తిరిగి రాశాం.

కన్నబాబు గారు అప్పటిదాకా గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "అయ్యా," అన్నాడు, "ఆపరేటరూ, గేటుకాడోళ్లూ, ఊడ్చే ఆడాళ్లూ కలిపి పదకొండు మందున్నారండి నా మీద. తాళం పడితే ఆళ్లెక్కడికెళ్తారండి? ఎవురో ఒకర్ని తమరే చూడండి."

త్రిపురాంతకం గారు కళ్లు మూసుకుని తెరిచారు. "మూడవ విషయమే మూలము. మారిన అనుభవమున్నవాడు దొరికినచో మొదటి రెండింటి అనుభవమూ అతనికి ఉండియే తీరును. పత్రికాప్రకటన ఇవ్వుడు."

ఆదివారం జిల్లా ఎడిషన్‌లో పడింది: 'తోడేలు అనుభవం గలవారు కావలెను. మనిషి నుండి జంతువుగా మారి, తిరిగి మనిషిగా వచ్చిన వారు తగు ఆధారములతో స్వయముగా హాజరు కావలెను. తిరిగి రాని వారు అనర్హులు.'

సోమవారం ముగ్గురొచ్చారు. ఒకాయన డ్రిల్లు మాస్టారు. పిల్లలు వెనకాల తోడేలని పిలుస్తారట. హెడ్‌మాస్టరు సంతకంతో కాగితం తెచ్చాడు. పిలుపే గాని మార్పు లేదని తిప్పి పంపాం. రెండో ఆయన తరఫున ఆయన భార్య వచ్చి, తాగినప్పుడు చూడమంది. తాగని వేళ చూశాం కాబట్టి పక్కన పెట్టాం. మూడో మనిషి గుబ్బల సింహాచలం.

సింహాచలానికి అరవై ఏళ్లుంటాయి. దసరాకు పులి వేషం వేస్తాడు. పేరు సింహం, వేషం పులి, దరఖాస్తు తోడేలుకు. కాని కాగితాలు మాత్రం అతనికి ఉన్నట్టు మరెవరికీ లేవు. ముప్పై నాలుగు దసరాల ఫొటోలు తెచ్చాడు. ఉత్సవ కమిటీ ఇచ్చిన శాలువా తెచ్చాడు. పులి వేషంలో ఉండగా ఒక పెద్దాయన భయపడి పడిపోతే రాసిన ఆసుపత్రి చీటీ కూడా తెచ్చాడు.

"పూర్తిగా మారెదవా?" అని అడిగారు త్రిపురాంతకం గారు.

"రంగేసినంతసేపూ నేనేనండి. డప్పు పడ్డాక మరి నాకు తెలవదండి."

"ఎన్ని దినములు?"

"తొమ్మిదండి. పదోనాడు కిరసనాయిలెట్టి రంగు తీసుకుంటానండి. అప్పుడు మళ్లీ మనిసినవుతానండి."

"జంతువుగా ఉన్నప్పుడు నీకేమి తెలియును?"

"ఆకలి తెలుత్తాదండి. రంగు పాడైపోద్దని ఏవీ తిననివ్వరండి. టీ నీళ్లే. ఆటలో గంతేత్తాం కదండీ, బయ్యం పెట్టడానికని జనం అనుకుంటారండి. అది ఆకలండి."

ఇది నేను రాసుకున్నాను. ఎక్కడో విన్నట్టనిపించింది గాని, అది చెప్పడం నా పని కాదు.

ఇక మిగిలింది సమానార్హత సమస్య. పులిగా మారిన అనుభవం తోడేలుగా మారిన అనుభవానికి సమానమేనా? పశువైద్యుణ్ని అడిగాం. పులి పిల్లి జాతి, తోడేలు కుక్క జాతి, రెండింటికీ పొసగదన్నాడాయన. త్రిపురాంతకం గారు ఒక రాత్రంతా ఆలోచించి ఫైలు మీద రాశారు: "పులి తోడేలుకన్న పై స్థాయి జంతువు గనుక, పై అర్హత కలవాడు కింది అర్హతకు తగును." ఇలాంటి వాక్యం రాయగలిగినవాళ్లు మా మండలిలో మరొకరు లేరు. సింహాచలాన్ని తోడేలు నిపుణుడిగా, తాత్కాలిక పద్ధతి మీద, నియమించాం.

మంగళవారం మ్యాట్నీకి అతన్ని టాకీసుకు తీసుకెళ్లాం. అతనికి అటు త్రిపురాంతకం గారు, ఇటు నేను. హాల్లో జనం కేకలు పెడుతున్నప్పుడు సింహాచలం నవ్వాడు. "గోళ్లు అలా కాదండి," అన్నాడొకసారి. కుర్రాడు మెస్సులో ఒక్కడే కూర్చుని ఖాళీ కంచం గీకుతున్న చోట మాత్రం తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. త్రిపురాంతకం గారు వాచీ చూసి, ఎన్నింటికి తుడుచుకున్నాడో నా చేత రాయించారు.

బయటికొచ్చాక బల్ల ముందు కూర్చోబెట్టి, కెమెరా పెట్టి అడిగాం. సింహాచలం గొంతు సవరించుకున్నాడు.

"సినిమా బాగుందండి. కుర్రోడికి జబ్బు కాదండి, ఆకలండి. ఎవురూ అన్నం ఎట్టలేదండి."

కన్నబాబు గారు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. అర్హత గల అభిప్రాయం వచ్చేసింది, హాలు బతికింది అనుకున్నాం. మర్నాటిదాకా అనుకున్నాం.

బుధవారం త్రిపురాంతకం గారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని నన్ను పిలిచారు. ఒకటి తాయారమ్మ గారి రద్దు నోటీసు. అందులో ఆవిడ చెప్పిన మాటలు ఉన్నాయి. రెండోది సింహాచలం వాంగ్మూలం.

"చూచితిరా?" అన్నారు. "జబ్బు కాదు, ఆకలి. ఇందులోనూ అదే, అందులోనూ అదే. ఇది నకలు!"

"ఇద్దరూ ఒకే సినిమా చూశారు కదండీ," అన్నాను.

"అర్హుడు అనర్హురాలిని చూచి కాపీ కొట్టియుండవలెను. లేనిచో, అర్హుడు చెప్పబోవు అభిప్రాయమును అనర్హురాలు నాలుగు దినములు ముందుగానే కలిగియుండవలెను. రెండవది మరింత తీవ్రమైన నేరము."

సింహాచలం వాంగ్మూలం ఆపేశారు. గురువారం తాయారమ్మ గారిని విచారణకు పిలిచారు. ఆవిడ మెడలో కొలత టేపుతోనే వచ్చింది.

"అర్హుడు వెలిబుచ్చక పూర్వమే అభిప్రాయము కలిగియుండుట అను ఆరోపణ నీ మీద ఉన్నది," అన్నారు త్రిపురాంతకం గారు. "నాకు ఈ చిత్రముపై ఏ అభిప్రాయమూ లేదని సంతకము చేసినచో విడిచిపెట్టెదము."

"లేదని రాత్తే, అదీ నా అభిప్రాయమే కదండీ?"

ఆవిడ అక్కడితో ఊరుకోలేదు.

"చూడండి బాబూ. నేను కొలత తీసుకుని కత్తిరిత్తాను. ముప్పైయేళ్లలో చంక పట్టేసిందని ఎవురూ ఎనక్కి తేలేదండి. సినిమా కూడా నాకంతేనండి. చూశాను, ఎక్కడ పట్టేసిందో చెప్పాను. మీరు సంతకం పెట్టమన్నారని కొలత మార్చలేనండి. కావాలంటే ఇంకో ఏడాది హాల్లోకి రానివ్వకండి." ఆ చివరి మాట అంటున్నప్పుడు మెడలోని టేపు రెండు కొసలూ గట్టిగా పట్టుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఆవిడ మీద నిషేధం రెండేళ్లయింది.

అదే రోజు మధ్యాహ్నం, పాతిక కిలోమీటర్ల అవతల పట్నంలో ఉన్న ఒక రెసిడెన్షియల్ కాలేజీ నుంచి మా ఆఫీసుకు ఫిర్యాదొచ్చింది. మూడు రోజులుగా, చూడ్డానికి రావలసిన రోజు కాకపోయినా, తల్లులు క్యారేజీలు పట్టుకుని హాస్టలు గేటు దగ్గరికి వస్తున్నారట. ఏమీ మాట్లాడరట. "పిల్లకి ఓ ముద్ద పెట్టి పోతాం" అని మాత్రం అంటారట. అందరూ ముక్కామలపేటవాళ్లేనట. దీనివల్ల తమ మెస్సు గౌరవానికి భంగం కలుగుతోందని ప్రిన్సిపాలు రాశాడు.

త్రిపురాంతకం గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆయన మొహంలో వెలుగొచ్చింది.

"నోటితో చెప్పుట మానినారు. క్యారేజీతో చెప్పుచున్నారు! కుక్కుటేశ్వరరావు గారూ, క్యారేజీ కూడా అభిప్రాయమే. ఆదివారము తల్లిదండ్రుల దినము. పదవ దినము కూడా అదియే. గేటు వద్ద అన్నింటినీ స్వాధీనము చేసుకొనవలెను."

ఇక్కడ నా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మాయి జాహ్నవి ఆ కాలేజీలోనే ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ప్రతి ఆదివారం ఫోన్లో వారం పరీక్షలో మార్కులెన్నని నేనడుగుతాను, అది చెబుతుంది. తక్కువొస్తే ఎందుకొచ్చాయని అడుగుతాను. నా భార్య సుభాషిణి సోమవారం ఆ సినిమా చూసొచ్చింది. వచ్చి ఏమీ అనలేదు. నా ఉద్యోగం ఏమిటో ఆవిడకు తెలుసు. రాత్రి నేను రెండోసారి అన్నం పెట్టుకుంటుంటే మాత్రం నా చేతి వైపు చూసింది. చూపు అభిప్రాయం కిందికి వస్తుందో రాదో నిబంధనల్లో లేదు కాబట్టి ఊరుకున్నాను.

ఆదివారం పదింటికే హాస్టలు గేటు ముందు షామియానా వేయించాం. బల్ల మీద రిజిస్టర్, పక్కన నంబర్లు రాసిన అట్టముక్కలు. నిపుణుడి హోదాలో సింహాచలం కూడా కుర్చీలో కూర్చున్నాడు. త్రిపురాంతకం గారు నిలబడే ఉన్నారు. బస్సులు దిగి ఆడవాళ్లు రావడం మొదలైంది. ఒక్కొక్కరి చేతిలో మూడు గిన్నెల క్యారేజీ, నాలుగు గిన్నెల క్యారేజీ. మూత సందుల్లోంచి పులిహోర వాసన, చేపల పులుసు వాసన, నెయ్యి వాసన. తాయారమ్మ గారు కూడా వచ్చింది. ఆవిడ చెల్లెలి కొడుకు ఆ హాస్టల్లోనే ఉన్నాడు.

నేను పేరడిగి, నంబరు కట్టి, క్యారేజీ పక్కన పెట్టిస్తున్నాను. నలభై అయ్యాయి. నలభై ఒకటో క్యారేజీ నాకు తెలుసు. ఆ మూత నొక్కు మా ఇంట్లో పడింది. తలెత్తాను.

"పేరు?" అన్నాను. అడక్క తప్పదు.

"వేమవరపు సుభాషిణి. మా ఆయన పేరు కూడా చెప్పమంటారా?"

"అక్కర్లేదు. లోపల ఏమున్నాయి?"

"అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు. పొద్దున మీరు తినొచ్చినవే."

"దీని ద్వారా మీరు సినిమా గురించి ఏమైనా తెలపదలచుకున్నారా?"

"లేదండి," అంది. "మా అమ్మాయికి అన్నం పెట్టదలచుకున్నాను."

నంబరు కట్టాను. ఆవిడ పక్కకెళ్లి మిగతావాళ్లతో నిలబడింది. నా వైపు చూడలేదు.

అరవై రెండు క్యారేజీలయ్యాయి. పన్నెండు దాటింది. అప్పుడు లోపల హాస్టలు మూడో అంతస్తు కిటికీ దగ్గర ఎవరో "ఊ...ఊ..." అని అరిచారు, అచ్చం సినిమాలోలాగే. ఇంకో కిటికీ నుంచి ఇంకో గొంతు అందుకుంది. ఆ తరవాత నాలుగు అంతస్తుల్లోంచీ ఆడపిల్లలూ మగపిల్లలూ కలిపి ఒకటే ఊళ. ప్రిన్సిపాలు చెవులు మూసుకున్నాడు. కాకులన్నీ లేచిపోయాయి.

త్రిపురాంతకం గారు రెండడుగులు వెనక్కి వేశారు. "నిపుణుడా! ఇది మనుష్యుల ధ్వనియా, తోడేళ్ల ధ్వనియా? మైనర్ల అభిప్రాయమైనచో చెల్లదు. మారిపోయినచో చెల్లును! త్వరగా ధ్రువీకరించుము!"

సింహాచలం లేచి, చెవి అటు పెట్టి శ్రద్ధగా విన్నాడు. "తోడేళ్లు కాదండి," అన్నాడు. "అన్నం వేళయిందండి."

గేటు చువ్వల అవతల పిల్లలు వచ్చి నిలబడుతున్నారు. వాళ్లలో మా జాహ్నవి కనబడింది. చువ్వ పట్టుకుని నిలబడింది. ముంజేతికి ఉన్న వాచీ మోచేతి దాకా జారిపోయింది. జూన్‌లో నేను కొనిచ్చినప్పుడు అది సరిగ్గా సరిపోయింది. కొలతలు నా పాత వృత్తి. ఎంత తగ్గిందో తూచకుండానే తెలిసింది. ఎనిమిది నెలలుగా ఫోన్లో నేను అడిగిన ప్రశ్న ఏమిటో కూడా గుర్తొచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఇరవై రెండో నిబంధన," అన్నాను.

"ఏమున్నది అందులో?"

"స్వాధీనం చేసుకున్నది పాడైపోయే స్వభావం గలదైతే, సాక్షుల ఎదుట అక్కడికక్కడే ఖర్చు పెట్టించవలెను. చెడిపోనిచ్చిన అధికారి వ్యక్తిగతంగా బాధ్యుడు. ఎండ ఎక్కువగా ఉంది సార్. అరవై రెండు అభిప్రాయాల్లో పెరుగువి పంతొమ్మిది."

వ్యక్తిగతంగా అనే మాట వినగానే త్రిపురాంతకం గారి రంగు మారింది. ఆయన క్యారేజీల వరసకేసి చూశారు. ఒకదాని మీద అప్పుడే ఈగ వాలింది.

"ఖర్చు పెట్టువారెవరు?" అన్నారు.

"సమీపంలోని వసతి గృహ వాసులు అని ఉందండి," అన్నాను. ఆ ముక్క నిబంధనలో లేదు. ఇరవై ఒక్కేళ్ల సర్వీసులో నేను సొంతంగా కలిపిన ముక్క అదొక్కటే.

"తెరువుడు!" అన్నారాయన.

గేటు తెరిచారు. తరవాత జరిగింది నేను పంచనామాలో సరిగ్గా రాయలేకపోయాను. పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఎవరి క్యారేజీ ఎవరిదో చూసుకోలేదు. షామియానా కింద నేల మీదే కూర్చున్నారు. తాయారమ్మ గారు మెళ్లో టేపు తీసి నడుముకు చుట్టుకుని, అమ్మ రాని పిల్లల్ని ఏరి ఏరి కూర్చోబెట్టి ముద్దలు కలిపి పెట్టింది. సింహాచలానికి ఎవరో చేపల పులుసు వేశారు. ప్రిన్సిపాలు ఇది క్రమశిక్షణకు విరుద్ధమని అంటూండగానే ఎవరో ఆయన చేతిలో పులిహోర పొట్లం పెట్టారు. మా జాహ్నవి నా బల్ల దగ్గరికే వచ్చి, రిజిస్టర్ మీద గిన్నె పెట్టుకుని తింది. సుభాషిణి పక్కన నిలబడి వడ్డించింది. "నెమ్మదిగా తినవే," అంది. అది నెమ్మదిగా తినలేదు. మార్కుల సంగతి నేనడగలేదు.

సోమవారం త్రిపురాంతకం గారు పైకి పంపిన నివేదిక నేనే టైపు చేశాను. "స్వాధీనపరచుకున్న అభిప్రాయములు అరవై రెండు. వానిని తెరిచి కూలంకషముగా పరిశీలించగా, అన్నియూ ఖాళీగా ఉన్నట్లు తేలినది." పైవాళ్లు అంగీకరించారు. ఖాళీ అభిప్రాయాల మీద చర్య తీసుకోలేరు కాబట్టి తల్లులందరి మీదా ఫైళ్లు మూసేశారు. తాయారమ్మ గారి అభిప్రాయం కూడా అదే కోవలోదని నిర్ణయించి ఆవిడ నిషేధం ఎత్తేశారు. ఆవిడది ఖాళీ అయినప్పుడు సింహాచలం దాన్ని చూసి కాపీ కొట్టే ప్రశ్నే లేదు. కనుక అతని వాంగ్మూలం చెల్లింది. కన్నబాబు గారి హాలుకు తాళం పడలేదు. 'సెకండియర్ తోడేలు' మా ఊళ్లో యాభై రోజులు ఆడింది. చూసిన ఆడవాళ్లందరూ ఏమీ మాట్లాడకుండా బయటికొచ్చి, నేరుగా బస్టాండుకు వెళ్లేవారు.

నిషేధం ఎత్తేసిన ఉత్తరువు తాయారమ్మ గారికి నేనే ఇచ్చాను. "తమరి అభిప్రాయము పరిశీలించబడి, అందులో ఏమియూ లేనట్లు నిర్ధారించబడినది" అని ఉంది అందులో. ఆవిడ చదివి, కాగితం దళసరిగా బాగుందని, జాకెట్టు చేతికి నమూనా కత్తిరించుకుంది.

నాకు మాత్రం నిన్న మెమో వచ్చింది. రిజిస్టర్ తనిఖీలో నలభై ఒకటో నంబరున్న పేజీ మీద పప్పు మరక ఉన్నట్టు తేలిందట. సదరు మరక ఎవరి అభిప్రాయమో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

మా అమ్మాయిదని రాసిచ్చాను. ఆ పేజీలోనే, దాని పక్కన, సిరా చెదిరి ఇంకో చిన్న మరక ఉంది. అది పప్పుది కాదు. దాని గురించి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.